లుబ్ధావధాన్లుగారి ఎడిటింగ్ సిస్టం

విజయనగరంలో బొంకులదిబ్బ చూడాలంటే ఇప్పుడు కోట దాకా నడవక్కర్లేదు. ఏదో ఒక కంప్యూటర్ షాపు మెట్లెక్కితే చాలు. గురజాడవారు గిరీశాన్ని మొట్టమొదట నిలబెట్టింది ఆ దిబ్బ మీదే. 1892లో ఆ కన్యాశుల్కం నాటకం ఆడింది కూడా ఈ ఊళ్ళోనే. అప్పటినుంచి గిరీశం ఊరు వదిలిందీ లేదు, నోట్లో ఇంగ్లీషు ముక్క వదిలిందీ లేదు. చుట్ట మాత్రం మానేసినట్టున్నాడు.

మొన్న వేసవిలో పెళ్ళి వీడియోలు తీసే కుర్రాడొకడు తోడు రమ్మంటే అలాంటి షాపుకే వెళ్ళాను.

"అరవై వేలల్లో ఎడిటింగ్ సిస్టం కావాలన్నా."

"దానికేటి గురూ, గేమింగ్ కేబినెట్ పెట్టేద్దాం. ముందంతా గ్లాసే. ఆరు ఫ్యాన్లు, ఆరూ రంగులు మారతాయి," అన్నాడు షాపులో గిరీశం.

"మరి లోపల కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్ ఏటి పెడతావు?" అన్నాను.

"అది కనపడదు కదేటి!"

బేరం అక్కడితో ఖాయమైపోయింది. కనపడేదానికి డబ్బు, కనపడనిదానికి దణ్ణం.

ముందు గాజు పలక అతికించి, ఆరింట్లో మూడు ఫ్యాన్లు దాని వెనకాల తిప్పితే గాలి ఎక్కణ్ణించి లాగుతాయి? తలుపులన్నీ మూసుకుని విసనకర్ర ఊపుకున్నట్టే. లోపలున్న వేడే మళ్ళీ మళ్ళీ మొహాన కొడుతుంది. జాలీ ఉన్న కేబినెట్‌కి రెండు ఫ్యాన్లు చాలు. కానీ జాలీ మెరవదు.

ప్రాసెసర్ ఐ5 12400 అడిగితే, కొంత తగ్గుతుందని 12400ఎఫ్ అంటగట్టాడు. ఆ చివరి తోకకి అర్థం లోపల గ్రాఫిక్స్ లేవని. వాటితోపాటు క్విక్ సింక్ కూడా పోయింది. కొత్త కెమెరాలు తీసే 10 బిట్ 4:2:2 హెచ్.265 ఫుటేజీ టైమ్‌లైన్ మీద నత్తనడక నడవకుండా కాసేది అదే. పక్కన గుచ్చిన చవక గ్రాఫిక్స్ కార్డుకి ఆ విద్య రాదు.

పెట్టె మీద 65 వాట్లని ఉంటుంది. పరుగందుకుంటే అదే చిప్పు 117 దాకా లాగుతుంది. చవక బుల్లి కూలర్ పది నిమిషాల పనికి సరే. ఇలాంటి గాలాడని పెట్టెలో రాత్రంతా ఎక్స్‌పోర్టు పెడితే వేడి వందకి చేరొచ్చు, అప్పుడు చిప్పు తన ప్రాణం కాపాడుకోడానికి వేగం తగ్గించేసుకుంటుంది. నాలుగు రాగి గొట్టాల టవర్ కూలరొకటి బిగిస్తే తీరే బాధ. గిరీశం మాత్రం లిక్విడ్ కూలింగ్ ఉపన్యాసం ఎత్తుకున్నాడు, అది పెడితే గదిలో ఏసీయే అక్కర్లేదట! నీళ్ళు తిప్పినా పన్నీరు తిప్పినా ఆ వేడి చివరికి గదిలోకే రావాలి. గది 38 డిగ్రీలుంటే చిప్పు 37కి దిగదు.

గిరీశాన్నొక్కణ్ణీ తిట్టి ఏం లాభం? లుబ్ధావధాన్లు లేనిదే కరటకశాస్త్రికి బేరమెక్కడిది? మావాడు ఎస్‌ఎంపీఎస్‌లో వెయ్యి మిగిల్చి, అదే వెయ్యి పెట్టి రంగుల కీబోర్డు కొన్నాడు. ర్యాము 32 జీబీ దండగని 8తో సరిపెట్టాడు. ఆడవేషం కట్టిన కుర్రాణ్ణి పెళ్ళికూతురనుకుని శుల్కం చెల్లించిన ముసలాయన పిసినారితనం వేరు, ఇది వేరూనా?

రోహిణి కార్తె వచ్చింది. వైశాఖంలో తీసిన పెళ్ళి, మర్నాడు పెన్‌డ్రైవ్ ఇచ్చెయ్యాలి. గంటన్నరలో అవ్వాల్సిన ఎక్స్‌పోర్టు నాలుగో గంటకి మాంగల్యధారణ దగ్గరికి చేరింది. ఒక ముడి, రెండో ముడి... టప్! ఎస్‌ఎంపీఎస్ చేతులెత్తేసింది. అవధాన్లుగారి పెళ్ళికూతురు మాయమైంది కూడా ఇలాంటి రాత్రే.

అసలింత ఆలస్యమేటా అని పక్క తలుపు ఊడదీసి కూలర్ విప్పితే, దాని అడుగున పారదర్శకంగా ప్లాస్టిక్ పొర. బిగించేముందు తీసెయ్యమని దాని మీదే రాసుంది. పేస్టు పూసిన మహానుభావుడు పొర మీదే పూశాడు. బఠాణీ గింజంత చాలు, ఉప్మాకి నెయ్యిలా పోశాడు.

పొర పీకి, అరువు ఎస్‌ఎంపీఎస్ తగిలించి, తలుపు తీసిన కేబినెట్ ముందు ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ పెట్టాడు. లోపల ఆరు ఫ్యాన్లూ రంగులు మారుస్తూనే ఉన్నాయి. కుర్రాడు బనీను పిండుకుంటూ, మూడో ముడి కోసం కూచున్నాడు.