డాంగిల్ మాహాత్మ్యం

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడల నుంచి సంగారెడ్డి దాకా బాయిలర్లు, రియాక్టర్లు, లేత్‌లు, ఫోర్క్‌లిఫ్టులు ఎన్ని ఉన్నా, యజమానికి నిద్ర పట్టకుండా చేసే శక్తి మాత్రం రెండు తులాల బరువైనా లేని ఒక ప్లాస్టిక్ ముక్కకే దక్కింది. దీనిని డాంగిల్ అంటారు. చూపులకు పెన్‌డ్రైవ్‌లా ఉండే ఈ ముక్క సీపీయూ వెనుక గుచ్చి ఉన్నంతసేపే, లక్షలు పోసి కొన్న డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. తెరుచుకున్నాక కూడా అది ఊరుకోక, నడుస్తున్నంతసేపూ డాంగిల్‌లోని చిప్‌ను ఏదో ఒక ప్రశ్న అడుగుతూ, సరైన జవాబు వస్తేనే అడుగు ముందుకు వేస్తుంది. జవాబు రాకపోతే, బిల్లు ఎంత పెద్దదైనా, జీఎస్టీ ఎంత నిజాయితీగా కట్టినా, తెర మీద ఒక చిన్న పెట్టె ప్రత్యక్షమై, లైసెన్సు కనబడలేదని మర్యాదైన ఇంగ్లీషులో చెప్పి, షిఫ్టు మొత్తాన్ని టీ కొట్టు దగ్గరికి పంపిస్తుంది. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు వర్క్‌షాపు ప్రాణం ఇందులో ఉంటుంది. చిలకను దాచినచోట ఫకీరు కనీసం సప్త సముద్రాలు అడ్డం పెట్టుకున్నాడు, ఇక్కడ అడ్డంగా ఉన్నది ఊడ్చే చీపురు ఒక్కటే.

ఇటువంటి తాళం ఎందుకు పుట్టిందో గ్రహించడం కష్టం కాదు. సాఫ్ట్‌వేర్‌ను తయారు చేయడానికి ఏళ్లు పడితే, నకలు తీయడానికి నిమిషాలు చాలు. ఒక కాపీ కొని పది మందికి పంచే ఉదారస్వభావం మన వాడల్లో మాత్రమే కాక లోకమంతటా సమృద్ధిగా ఉంది. కనుక 1980లో కమొడోర్ పెట్ అనే కంప్యూటర్ కోసం వచ్చిన వర్డ్‌క్రాఫ్ట్ అనే రాతపని ప్రోగ్రామ్‌కు వెనుక గుచ్చే తాళం ఒకటి తోడైంది. మరికొందరు అసలు ఫ్లాపీనే తాళంచెవి చేశారు. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 తొలి రూపాలను నడపాలంటే కంపెనీ ఇచ్చిన ఫ్లాపీ డ్రైవ్‌లో ఉండి తీరాలి. ఫ్లాపీకి బూజు పట్టేది, డాంగిల్‌కు పట్టదు. దీనిని మానవజాతి పురోగతిగా పరిగణించవచ్చు.

అయితే ఈ వాడల్లో డాంగిల్‌కు కలగగల అపాయాలను తయారీదారులు తమ మాన్యువళ్లలో ఊహించినట్టు కనబడదు. కొత్తగా చేరిన కుర్రవాడు పాటలు ఎక్కించుకోవడానికి యూఎస్‌బీ రంధ్రం ఖాళీగా లేదని చూసి దానిని లాగేస్తాడు; సూపర్‌వైజర్ గుడ్లురిమితే, "పెన్‌డ్రైవ్ అనుకొని పీకిన సార్, మళ్ల పెడ్తున్న" అంటాడు. అంతకంటె పెద్ద గండం ఏటా దసరాకు వస్తుంది. ఆయుధపూజ నాడు లేత్‌కు గంధం, డ్రిల్లింగ్ మిషన్‌కు బంతిపూల దండ, లారీ టైర్ల కింద నిమ్మకాయలు, మానిటర్ నుదుట మూడు కుంకుమ చుక్కలు వరుసగా పడ్డాక, భక్తి గల ఫోర్‌మన్ ఒకడు సీపీయూ వెనుకకు చేయి పోనిచ్చి, అసలు ప్రాణం దీనిలోనే ఉన్నదని డాంగిల్‌కు ప్రత్యేకంగా బొట్టు పెడతాడు. ఆ వెంటనే పక్కన కొట్టిన కొబ్బరికాయ నీళ్లు నాలుగు చుక్కలు అదే దిక్కుకు ఎగురుతాయి. సెలవు ముగిసి మిషన్లు తిరగవలసిన ఉదయం, అన్ని యంత్రాలూ అమ్మవారి దయ వల్ల నడుస్తుండగా, పూజ అందరికంటె ఎక్కువగా అందుకున్న యంత్రం ఒక్కటే నడవదు. ఇవి చాలనట్టు, వోల్టేజి ఎగిరిపడటం, మెరుపు పడటం, చివరికి పాతకాలపు డాంగిల్ బాగానే ఉన్నా దానిని గుచ్చవలసిన ప్రింటర్ పోర్టు కొత్త కంప్యూటర్లలో అసలు లేకపోవడం కూడా ఉన్నాయి. ఆ పాత పోర్టు కోసమే విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరును, మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో దాని బాగోగులు చూడటం మానేసినా, ముసలి ఎద్దును సాకినట్టు సాకుతున్న వర్క్‌షాపులు ఉన్నాయి.

ఈ పరిస్థితిలో, డబ్బు కట్టి కొన్నవాడు తన సాఫ్ట్‌వేర్‌కు ముందుజాగ్రత్తగా ఒక నకలు, అంటే బ్యాకప్, తీసుకోవచ్చునా అనే ప్రశ్న పుడుతుంది. ఆశ్చర్యమేమిటంటే భారతీయ చట్టం దీనికి ఎప్పుడో తల ఊపింది. 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని 1984లో సవరించినప్పుడు కంప్యూటర్ ప్రోగ్రామ్‌లను సాహిత్య రచనల్లో చేర్చారు. కనుక పాశమైలారంలో బోల్టు కోసే ప్రోగ్రామ్ చట్టం కళ్లకు కావ్యంతో సమానం, కాళిదాసుకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరి స్వగ్రామంగా చెప్పే కొల్చారం అక్కడికి మరీ దూరం కాకపోయినా ఆ బోల్టుకు వ్యాఖ్యాత దొరకకపోవడం వేరే సంగతి. తరువాత 1994లో చేసి, 1995 మే 10 నుంచి అమలు చేసిన సవరణ ద్వారా వచ్చిన సెక్షన్ 52(1)(ఏఏ), ప్రోగ్రామ్‌ను న్యాయంగా పొందినవాడు, అది పోవడం, పాడవడం, నాశనమవడం నుంచి తాత్కాలిక రక్షణగా మాత్రమే, ఏ పనికి కొన్నాడో ఆ పనికే వాడుకొనేందుకు, బ్యాకప్ నకళ్లు చేసుకుంటే అది కాపీరైట్ ఉల్లంఘన కాదని చెబుతుంది. ఇందులోని "మాత్రమే" అనే పదాన్ని చాలామంది చదవరు. ఒక లైసెన్సు కొని, ఆఫీసులో ఒకటి, షాప్ ఫ్లోర్‌లో రెండు, బావమరిది యూనిట్‌లో ఒకటి చొప్పున ఏకకాలంలో నడుస్తున్న "బ్యాకప్"లను చట్టం బ్యాకప్‌లుగా గుర్తించదు. వాటి కోసం అదే చట్టంలో సెక్షన్ 63బీ ఉంది, దాని ప్రకారం నకిలీ ప్రతి అని తెలిసి వాడినవాడికి 7 రోజుల నుంచి 3 సంవత్సరాల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

నకలు తీసుకోవచ్చు సరే, తాళం పగలగొట్టి తీసుకోవచ్చునా అంటే, 2012 జూన్ 21 నుంచి అమలులోకి వచ్చిన సెక్షన్ 65ఏ దానికీ సమాధానం చెప్పింది. హక్కుల ఉల్లంఘన చేయాలనే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను, అంటే ఇటువంటి తాళాన్ని, దాటినవాడికి 2 సంవత్సరాల దాకా జైలు విధించవచ్చునన్న ఈ సెక్షన్, చట్టం స్పష్టంగా నిషేధించని పని కోసం దాటితే అడ్డు చెప్పనని అక్కడే ఒప్పుకుంటుంది. బ్యాకప్ నిషేధించని పని గనుక, దాని కోసం తాళం విప్పడం నేరం కాకూడదు. అంతటితో ఆగి ఉంటే మనది చట్టం ఎందుకవుతుంది. ఇతరుల తాళం విప్పి పెట్టేవాడు ఆ ఇతరుల పేరు, చిరునామా, గుర్తించడానికి కావలసిన వివరాలు, ఏ ప్రయోజనం కోసం విప్పాడో ఆ ప్రయోజనం అన్నీ రాసి ఉంచాలని షరతు చేర్చింది. అనగా పటాన్‌చెరులో కంప్యూటర్లు బాగుచేసే దుకాణదారుడు ఒక రిజిస్టర్ పెట్టాలి. ఈ వాడల్లో ప్రతి ఫ్యాక్టరీ గేటు దగ్గరా రిజిస్టర్ రాసే సంప్రదాయం ఎంత బలంగా పాతుకుపోయిందో, "వచ్చిన పని" అనే గడిలో మందుల కంపెనీ ఆడిటర్ మొదలు మంచినీళ్ల క్యాన్లు వేసే అబ్బాయి దాకా అందరూ "ఆఫీస్ పని" అని ఎంత ఏకగ్రీవంగా రాస్తారో తెలిసినవారికి, ఆ దుకాణం రిజిస్టర్‌లో ఏమి కనబడుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇతర దేశాల తీరు కొంత భిన్నం. అమెరికా 1980లోనే చట్టంలో బ్యాకప్ హక్కు రాసింది. తాళం వేసిన ఫ్లాపీలకు నకళ్లు తీసే ప్రోగ్రామ్ అమ్మిన క్వెయిడ్ అనే కెనడా కంపెనీ మీద, తాళాలు అమ్మిన వాల్ట్ అనే కంపెనీ దావా వేస్తే, 1988లో ఐదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు క్వెయిడ్ వైపే మొగ్గింది. పదేళ్లు తిరిగేసరికి, 1998 నాటి డిజిటల్ చట్టం తాళం విప్పడాన్నే, విప్పే సాధనం అమ్మడాన్నే వేరే తప్పుగా చేసింది. ఆపైన డాంగిల్ బాధితుల గోడు విని, చెడిపోయి, ప్రత్యామ్నాయం దొరకని పాత డాంగిళ్ల విషయంలో 2003లో మినహాయింపు ఇచ్చి, 2006లోనూ 2010లోనూ దానిని కొనసాగించారు గానీ, ఆ మినహాయింపు విప్పుకొనేవాడికే తప్ప విప్పే పనిముట్టు అమ్మేవాడికి వర్తించలేదు; పగలగొట్టుకోవచ్చు, సుత్తి మాత్రం ఎవరూ అమ్మరాదు అన్నట్టు. ఈ ఒక్క విషయంలో, రిజిస్టర్ రాయమని సుత్తిని అనుమతించిన భారతీయ చట్టమే ఉదారమైనదని ఒప్పుకోవాలి. ఐరోపా 1991లో ఇంకొక మెట్టు ఎక్కి, వాడకానికి అవసరమైన బ్యాకప్‌ను ఒప్పందపత్రంలో ఏమి రాసుకున్నా అడ్డుకోరాదని చెప్పింది. మన సెక్షన్‌లో ఆ మాట లేదు. అందుకే "అంగీకరిస్తున్నాను" అనే బొత్తాము నొక్కే ముందు ఎవరూ చదవని నలభై పేజీలు అక్కడ అంత నిశ్చింతగా కూర్చుని ఉంటాయి.

పటాన్‌చెరులో బ్యాకప్ అనే భావనకు ఇంత చిక్కు రావడంలో ఒక వైచిత్రి ఉంది, ఎందుకంటే లోకంలోకెల్లా గొప్ప బ్యాకప్‌లలో ఒకటి ఆ ఊళ్లోనే ఉంది. 1972లో స్థాపితమైన ఇక్రిశాట్, అంటే మెట్టపంటల మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ, తన జన్యుబ్యాంకులో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యాలకు చెందిన 1,20,000కు పైగా విత్తన నమూనాలను చలిగదుల్లో భద్రపరచింది. అది చాలదని, నార్వే వారి స్వాల్‌బార్డ్ దీవుల్లో 2008లో తెరిచిన విత్తన భాండాగారానికి నకళ్లు పంపింది. అక్కడ ఎవరు దాచిన పెట్టెను వారే తీసుకోగలరు, కాబట్టి బ్యాకప్ కాస్తా వ్యాపారమైపోతుందనే భయం లేదు. సిరియా యుద్ధంలో అలెప్పో దగ్గరి విత్తన కేంద్రం అందుబాటులో లేకుండా పోయినప్పుడు, 2015లో ఆ కేంద్రాన్ని నడిపిన సంస్థ స్వాల్‌బార్డ్ నుంచి తన విత్తనాలను వెనక్కి తెచ్చుకుంది. రైతుల విషయంలో మన చట్టం మరింత ధారాళం: 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ చట్టంలోని సెక్షన్ 39, హక్కులు నమోదైన రకమైనా సరే, దాని విత్తనాన్ని రైతు దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, పొరుగువాడితో మార్చుకోవచ్చు, బ్రాండు పేరుతో మాత్రం అమ్మరాదు అంటుంది, అంతేగాక, రెండో తరం మొలకెత్తకుండా చేసే జన్యు తాళం బిగించిన రకాలను నమోదు చేయరాదని కూడా అదే చట్టం శాసించింది. పొలంలో తాళం వేయడం తగదని తేల్చిన దేశమే, పొలం గట్టు అవతల ఉన్న షెడ్‌లో తాళం వేస్తే ఏమీ అనలేదు. జొన్న గింజకు ఉన్న గౌరవం సాహిత్య రచనకు లేకపోయింది.

మందుల కంపెనీల నాణ్యతా ప్రయోగశాలలకు వస్తే ఈ వైచిత్రి పరాకాష్ఠకు చేరుతుంది. అమెరికాకు మాత్రలు పంపే ప్రతి కంపెనీ, అక్కడి నిబంధన 211.68 ప్రకారం, కంప్యూటరులో చేరిన వివరాలకు బ్యాకప్ ఉంచి తీరాలి. ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు మొన్నటి పరీక్ష ఫలితమే కాదు, ఏళ్ల నాటి గ్రాఫు కూడా తెరిచి చూపించమనవచ్చు. కనుక వివరాలకు నాలుగు చోట్ల నకళ్లు ఉంటాయి, మంటలు అంటని గదిలో ఉంటాయి, సంతకాలతో ఉంటాయి. వాటిని చదివే సాఫ్ట్‌వేర్ మాత్రం, తాళం వేసిన రకమైతే, ఒకే ఒక డాంగిల్ మీద నిలబడి ఉంటుంది. చట్టం పుస్తకాన్ని పదిలపరచమని అడుగుతుంది, తాళం మాత్రం కళ్లద్దాలు ఒక్క జతకు మించి ఉంచుకోనివ్వదు.

ఇక్కడ అమ్మకందారుల పక్షాన ఒక మాట చెప్పవలసి ఉంది. బ్యాకప్ అనుమతి ఇస్తే దొంగలు దానిని వాడుకుంటారన్న వారి భయం అబద్ధం కాదు. కాని దొంగకు బ్యాకప్ అవసరమే లేదన్న సంగతి వారు గమనించరు. క్రాక్ చేసిన ప్రతి, అంటే తాళం ప్రశ్నలన్నీ ముందే తీసేసిన ప్రతి, వాడేవాడికి డాంగిల్ ఉండదు గనుక అది పోయే ప్రమాదమూ ఉండదు, దసరా కూడా అతనికి ఏ హానీ చేయదు. వైరస్ వచ్చే భయం ఉన్నా, షిఫ్టు మాత్రం ఆగదు. నిజాయితీగా కొన్నవాడే బీరువాలో దాచిన డాంగిల్ కోసం, బీరువా తాళంచెవి కోసం, తాళంచెవి పట్టుకుని యాదగిరిగుట్టకు వెళ్లిన అకౌంటెంట్ కోసం ఎదురుచూస్తాడు.

కాబట్టి కొనుగోలుదారుకు బ్యాకప్ అనుమతించాలా అన్న ప్రశ్నకు చట్టం 1995లోనే అవునంది. మిగిలింది, ఆ అవును ఎవరి మెడకు చుట్టుకుంటుందన్నదే. కొన్నవాడికి హక్కు రాశారు గాని, అమ్మినవాడికి దానిని అందించే బాధ్యత రాయలేదు. చెడిన డాంగిల్‌ను నామమాత్రపు ధరకు మార్చి ఇవ్వడం, అత్యవసరానికి నెల రోజుల తాత్కాలిక లైసెన్సు ఇవ్వడం, సాఫ్ట్‌వేర్ అమ్మకం ఆపేసిన రోజున పాత కొనుగోలుదారులకు తాళం విప్పి పెట్టడం, ఈ మూడూ తప్పనిసరి చేస్తే బ్యాకప్ గురించి వాదించే అవసరమే చాలావరకు పోతుంది. వీటిని చట్టం వచ్చేదాకా ఆగకుండా కొనుగోలు ఆర్డరులోనే షరతుగా రాయించుకోవచ్చు. అయితే ఈ వాడల్లోని కొనుగోలు విభాగాలు, ప్రతినిధిని మూడు సార్లు తిప్పి, రెండు టీలు పోసి, ధరలో 5 శాతం తగ్గింపు, ఇన్‌స్టలేషన్ ఉచితం, కొత్త సంవత్సరానికి ఆరు డైరీలు, ఒక గోడ క్యాలెండర్ సాధించి, విజయగర్వంతో సంతకం పెడతాయి. రెండో డాంగిల్ సంగతి అడగడం ఇంకా ఎవరికీ తోచినట్టు లేదు.