గాల్లో చెట్టు నిలబెట్టడం మాటలా?

ఈ కాలం పిల్లలకు గాల్లో చెట్టు నిలబెట్టడం ఎంతసేపు? కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. చెట్టొకటి, చెరువొకటి ఎక్కణ్నుంచో దించుకుంటారు, ఒకదాని మీద ఒకటి అతికిస్తారు. నీడ కావాలన్నా, పొగమంచు కావాలన్నా దానికో బటను. అంతకన్నా బద్ధకమైతే ‘చెరువు మీద తేలే చెట్టు, నలుపు తెలుపులో, ఫలానా ఆయన స్టైల్లో’ అని టైపు చేసి ఊరుకుంటారు. యంత్రం నాలుగు బొమ్మలు తెచ్చి ముందు పెడుతుంది. నాలుగింట్లో ఒకటి ఏరుకోవడమే వీళ్లు పడే కష్టం. దాన్ని కాలేజీలో చూపించి ‘స్టడీ చేశాం’ అంటారు. పక్కవాడి విస్తరి చూసొచ్చి వంట నేర్చుకున్నామన్నట్టు!

మా రోజుల్లో స్టడీకి ఒక వాసన ఉండేది. హైపో వాసన, ప్రింటు మీద బొమ్మ చెరగకుండా నిలిపే మందుది. డార్క్‌రూములోంచి బయటికొచ్చి రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నా వేళ్లను వదిలేది కాదు. అన్నం కలుపుకుంటుంటే ఇంట్లోవాళ్లు మొహం చిట్లించేవాళ్లు.

మా మనవరాలు హైదరాబాదులో డిజైన్ కోర్సు చదువుతోంది. సర్రియల్ ఫొటోగ్రాఫర్ ఒకర్ని ఎంచుకోండి, ఆయన పనితీరు పరిశీలించండి, ఆయన బొమ్మ ఒకటి మీరు తిరిగి చేయండి అని వాళ్లకు పనిచ్చారు. పని మంచిదే, కాదనను. మాకూ మా మాస్టారు సరిగ్గా ఇదే ఇచ్చారు. ఆ పిల్ల ఎంచుకున్నదీ నేనెంచుకున్న మనిషినే, జెర్రీ యూల్స్‌మన్‌నే. సంబరపడి దగ్గర కూర్చోబెట్టుకుని, నీళ్ల మీద తేలే ఆయన చెట్టు బొమ్మ చూపిస్తూ ఒక్క ప్రశ్న వేశాను.

“ఈ చెట్టును ఆయన ఎక్కడో ఒకచోట నేల మీదే ఫొటో తీసుంటాడు కదమ్మా. అప్పుడు కొమ్మల సందుల్లో కనబడ్డ ఆకాశం ఏమైపోయింది?”

“ఎరేజ్ చేసుంటాడులే తాతయ్యా.”

ఒళ్లు మండదూ మరి!

యూల్స్‌మన్ ఎరేజర్ పట్టిన మనిషి కాడు. 1934లో డెట్రాయిట్‌లో పుట్టాడు. 1960 నుంచి ఫ్లోరిడా యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు. 1967లో న్యూయార్క్‌లోని మోడర్న్ ఆర్ట్ మ్యూజియం ఆయన బొమ్మలతో ప్రత్యేకంగా ప్రదర్శన పెట్టింది. అప్పట్లో ఆన్సెల్ ఆడమ్స్ లాంటి ఫొటోగ్రఫీ పెద్దలది ఒకటే మాట: మీట నొక్కకముందే ప్రింటు ఎలా ఉండబోతోందో మనసులో కనబడాలి. యూల్స్‌మన్ దానికి అడ్డం తిరిగాడు. బొమ్మ ఎలా ఉండాలో డార్క్‌రూములోకి వెళ్లాక కూడా తేల్చుకోవచ్చన్నాడు. తీసినవన్నీ కాంటాక్ట్ షీట్ల మీద చిన్నచిన్న బొమ్మలుగా ముందు పరుచుకుని, ఏది దేనితో జతకడుతుందో వెతికేవాడు. తర్వాత, నెగటివ్ గుండా వెలుగు పంపి బొమ్మను కాగితం మీద పెద్దదిగా వేసే యంత్రాలు వరసగా పెట్టుకుని, ఆ ఎన్‌లార్జర్లలో ఒక్కోదాంట్లో ఒక్కో నెగటివ్ బిగించి, ఒకే కాగితాన్ని ఒకదాని కిందనుంచి ఇంకోదాని కిందికి జరుపుతూ పోయేవాడు. నీళ్ల మీద చెట్లు తేలాయి, ఇంటి అడుగునుంచి చెట్టు వేళ్లు దిగాయి, గదికి పైకప్పు బదులు మబ్బులొచ్చాయి. అన్నీ చేత్తోనే.

ఆయనకేం, ఎన్‌లార్జర్ల వరస ఉంది. మా కాలేజీకి ఉన్నది ఒక్కటి. దానికీ రోజూ క్యూ. సాయంత్రం మా వంతు వచ్చేసరికి బల్బు కాలిపోయి ఉండేది. కొత్త బల్బుకు ఆఫీసులో అర్జీ పెడితే సెలవులయ్యాక వచ్చేది. కాగితం ఊటీ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ల ‘ఇందు’ దొరికితే అదృష్టం. ఫారిన్ పేపరు మా స్తోమతకు అందేది కాదు. అందుకే ఒక్క షీటును బద్దలుగా కోసి, ఒక్కో బద్ద మీద ఇన్నిన్ని సెకన్లని పరీక్షించుకున్నాకే అసలు కాగితం డబ్బా మూత తీసేవాళ్లం.

ఇక చెట్టు సంగతి. తెల్లమబ్బు కమ్మిన పొద్దున, వేళ్లతో సహా పెళ్లగించిన జానెడు వేపమొక్కను తెల్లదారంతో డాబా మీద తీగకు వేలాడదీసి, కింద పడుకుని ఆకాశం మీదికి ఫొటో తీశాను. ఆకాశం తెల్లగా ఉంటే నెగటివ్‌లో నల్లగా మూసుకుపోతుంది. మొక్క ఉన్నచోట మాత్రం అద్దంలా పలచగా ఉంటుంది. ఎన్‌లార్జరు కింద పెడితే వెలుగు మొక్క మేరకే దిగుతుంది, చుట్టూ ఉన్న ఆకాశంలోంచి దాదాపు రాదు. అంటే కాగితం మీద మొక్క ఒక్కటే పడుతుంది. కొమ్మల సందులో ఆకాశం ఏమైందంటే, ఇదీ. ఎవరూ చెరపలేదు. తీసిన పూటే, వెలుగే దాన్ని పక్కకు తప్పించింది. వేలాడదీసిన దారం కూడా తెల్లమబ్బులో కలిసిపోయింది. ఆ ముక్క నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. నెగటివ్‌ను కిటికీకేసి ఎత్తి పట్టుకుంటే తెలిసింది.

చెరువు గండిపేటది. ఒకటే ఎన్‌లార్జరు గనక, ముందు మామూలు తెల్లకాగితం పరిచి, చెరువు నెగటివ్ వెలుగులో గట్టునూ నీటి అంచునూ పెన్సిలుతో గీసుకోవాలి. అది తీసి మొక్క నెగటివ్ పెట్టి, ఎన్‌లార్జరు తల పైకీ కిందికీ జరుపుతూ, జానెడు మొక్క మహావృక్షమంత అయ్యేదాకా పెంచి, అదే కాగితం మీద దాని గీతా గీసుకోవాలి. తర్వాత ఎర్రలైటులో అసలు కాగితం. చెరువు వేసి, కాగితాన్ని వెలుగు చొరబడని డబ్బాలో దాచి, నెగటివ్ మార్చి, గీతల ప్రకారం సరిచూసుకుని, మళ్లీ కాగితం తీసి చెట్టు వేయాలి. పై వైపు ఏదో తెలియడానికి వెనకాల మూలన పెన్సిలు గుర్తు. నీళ్లలో ప్రతిబింబం కావాలంటే అదే నెగటివ్‌ను బోర్లించి, తలకిందులు చేసి, మూడోసారి పలచగా వేయాలి. గట్టు మీద వెలుగు పడకుండా లెన్సుకీ కాగితానికీ మధ్య అట్టముక్క అడ్డుపెట్టి ఆడిస్తూ ఉండాలి. అట్ట కాగితానికి దగ్గరైతే అంచు కత్తితో కోసినట్టు వస్తుంది, లెన్సుకు దగ్గరైతే మెత్తగా కరిగిపోతుంది. చెయ్యి ఆగిందా, చార పడుతుంది.

ఇంతా చేశాక చేతిలో ఏముంది? తెల్లకాగితం! డెవలపర్లో వేసేదాకా అందులో ఏమీ కనబడదు. వేశాక చెరువూ చెట్టూ నీడా ఒక్కసారే పైకి లేచొచ్చేవి. అది బాగుందో లేదో అప్పుడు తెలిసేది. బాగాలేకపోతే మళ్లీ మొదట్నుంచి. ఇప్పటి పిల్లలకున్నట్టు అన్‌డూ లేదు మాకు.

యూల్స్‌మన్ ఒక్కడే కాదు, ఆ రోజుల్లో చాలామంది అంతే. ఫిలిప్ హాల్స్‌మన్ 1948లో చిత్రకారుడు సాల్వడార్ డాలీని గాల్లో ఎగిరించి ఫొటో తీశాడు. ఆయన భార్య కుర్చీని ఎత్తి పట్టుకుంది. ఒకరు బకెట్టు నీళ్లు విసిరారు, ఇంకొందరు మూడు పిల్లుల్ని విసిరారు. 28 సార్లు. ప్రతిసారీ నేల తుడవాలి, తడిసిన పిల్లుల్ని పట్టుకుని ఆరబెట్టాలి! రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ 1987 ఆల్బమ్ అట్ట కోసం స్టార్మ్ థార్గర్సన్ ఇంగ్లండ్‌లో సముద్రపొడ్డున 700 మంచాలు నిజంగా తెచ్చి పరిపించాడు. మన సంగతేం తక్కువ? 1957లో ‘మాయాబజార్’లో మార్కస్ బార్ట్లీ కెమెరా ముందు లడ్డూలు ఎగిరొచ్చి ఘటోత్కచుడి నోట్లో పడ్డాయి. అప్పుడు ఏ కంప్యూటరుందట?

ఇదంతా చెబితే మా పిల్ల ఊరుకుంటుందా? “తాతయ్యా, అప్పుడు గతిలేక అలా చేశారు. ఆయన ఇప్పుడుంటే ఫోటోషాపే వాడేవాడు” అంది. ఈ వాదన ఇంటింటా వింటున్నదే. దానికి జవాబు చెప్పడం నాకు మహా సరదా. ఫోటోషాపు మార్కెట్లోకొచ్చింది 1990లో. యూల్స్‌మన్ పోయింది 2022లో. మధ్యలో 32 ఏళ్లు. గతిలేక కాదు తల్లీ, ఇష్టపడే డార్క్‌రూములో ఉండిపోయాడు.

అలాగని కంప్యూటరు ముట్టుకుంటే పాపమని నేననను. చాలా ఏళ్లు ఆయన భార్యగా ఉన్న మ్యాగీ టేలర్ పనంతా కంప్యూటరు మీదే. పాత ఫొటోలూ చిన్నచిన్న వస్తువులూ స్కానర్ మీద పెట్టి, ఒక్కో పొరా పేర్చుకుంటూ కలల్లాంటి బొమ్మలు చేసింది. ఆవిడ బొమ్మ చూసి ఆయనదని పొరబడరు, ఆయన బొమ్మ చూసి ఆవిడదనీ అనుకోరు. ఎవరి పనితనం వాళ్లది. కాబట్టి నా గొడవ యంత్రంతో కాదు, తొందరతో. గురువు బొమ్మను నకలు చేయమని శిష్యుడికి పనిచ్చేది ఇంకో బొమ్మ తయారవ్వాలని కాదు. గురువు ఎక్కడ ఆగాడో, ఎక్కడ చెయ్యి అడ్డుపెట్టాడో శిష్యుడి చేతికి తెలియాలని. ఆ దారి నడవకుండా చివరి బొమ్మ ఒక్కటీ పట్టుకొస్తే, వాడికి మిగిలేది ఫైలు మాత్రమే.

చాదస్తం అనుకుంటే అనుకోండి, పిల్లలకు ఒక మాట చెబుతాను. ఎవరి బొమ్మనైనా తిరిగి చేసేముందు కంప్యూటరు మూసి, ఒక కాగితం మీద రాయండి: ఇందులో ముక్కలెన్ని, ఏది ఎక్కడ తీసుంటాడు, వెలుగు ఎటునుంచి వచ్చింది, ఏది ముందు వేశాడు, అంచు ఎక్కడ దాచాడు. రాయలేకపోతే మళ్లీ చూడండి. రాయగలిగితే ఆ తర్వాత ఫోటోషాపులో చేస్తారో, ఫోన్లో చేస్తారో మీ ఇష్టం. మాస్టార్లకూ ఒక విన్నపం: మార్కులు ఆ కాగితానికి వేయండి, బొమ్మకు కాదు.