ఒక లైఫ్ జాకెట్ ఆత్మకథ

నేను నారింజరంగు లైఫ్ జాకెట్‌ని. హన్మకొండలో ఒక ఇంట్లో బీరువా పక్కన కొక్కేనికి వేలాడుతుంటాను. నా కడుపు నిండా ఫోమ్. నీళ్లు పీల్చని ఆ ఫోమే మనిషిని మునగకుండా ఆపుతుంది. ఛాతీ మీద పట్టీలు, భుజం దగ్గర విజిల్, లోపలివైపు నేను ఎంత బరువుకు సరిపోతానో చెప్పే చీటీ. కొనేటప్పుడు ఈ ఇంటి చిన్నది ముందుగా ఆ చీటీయే చదివింది. అప్పుడే ఆ పిల్ల మీద నాకు గురి కుదిరింది.

నన్ను తెచ్చింది పాపికొండల ప్రయాణం కోసం. ములుగు, ఏటూరునాగారం, మణుగూరు మీదుగా భద్రాచలం చేరాలి. రాముని దర్శనం చేసుకొని, శబరి గోదారిలో కలిసే కూనవరం దాటి పోచవరంలో పడవెక్కాలి. దారిపొడవునా అడవి, ఆపైన రెండు కొండల నడుమ గోదారి. దారి మీద ఇంట్లో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా తేదీ దగ్గరే.

"దసరా సెలవులల్ల పోదాం బాపూ" అంది చిన్నది.

"గప్పటికి గోదారి ఎర్రగనే ఉంటది. కార్తీకం రానియ్యిండ్రి" అంది నాయినమ్మ.

ఆమె మాట వెనుక కడిపికొండ ఉంది. కాజీపేట పక్కనే ఉన్న ఆ ఊరి నుంచి 14 మంది పాపికొండలు చూడబోయారు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర వాళ్లెక్కిన పడవ మునిగింది. వాళ్లలో సగానికి పైగా తిరిగి రాలేదు. చుట్టుపక్కల గిరిజనులు పడవలేసుకొని వచ్చి, నాలాంటి జాకెట్లను పట్టుకొని తేలుతున్నవాళ్లను ఒడ్డుకు చేర్చారు. ఆ గూడేలకు మా జాతి ఎంతో రుణపడి ఉంది. మునిగిన పడవను, వెలికితీతకు దిగిన ధర్మాడి సత్యం బృందం పైకి తీసేసరికి అక్టోబర్ 22 అయింది.

పడవ మునిగిన రోజు గోదారిలో పారింది 5 లక్షల క్యూసెక్కుల పైచిలుకు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 10 లక్షలకు. అంటే హెచ్చరికకు సగం నీళ్లలోనే అంత ఘోరం జరిగింది. హెచ్చరికలు ఒడ్డునున్న ఊళ్ల కోసం పెట్టినవి. కొండల మధ్య నది ఇరుకవుతుంది, లోతు పెరుగుతుంది, మలుపుల్లో సుడులు లేస్తాయి. అక్కడ పడవకు వేరే లెక్క.

ఇప్పుడు చిన్నది రోజూ భద్రాచలం నీటిమట్టం చూసి క్యాలెండర్ మీద రాస్తోంది. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో గోదారి 75.6 అడుగులకు ఎక్కింది, 2022 జులైలో 71.3కి. ఆ పిల్ల మాత్రం నీళ్లు 43 లోపే ఉన్నాయని ధీమాగా ఉండడం లేదు. నీళ్లు తగ్గి, తేటపడి, అధికారులు పడవలకు అనుమతిచ్చాకే టికెట్లు కొందామంది. నాయినమ్మ సరేనంది. ప్రయాణం కార్తీకానికి ఖాయమైంది.

పాపికొండలు తప్పక చూడాల్సిన చోటు, వెళ్లండి. నన్ను మాత్రం దిండుగా తల కింద పెట్టుకోకండి, నలిగితే నా ఫోమ్ చచ్చిపోతుంది. గట్టు మీద ఉండగానే పట్టీలు బిగించండి. భోజనానికి పిలిచినా, ఉక్కపోసినా, మళ్లీ గట్టెక్కేదాకా నన్ను విప్పకండి.