చీకటికి నెలవారీ చందా

తెల్లవారుజామున సుప్రభాతం పెట్టుకునే మామ్మగార్లకు కొత్త నియమం వచ్చింది. స్వామివారిని మేల్కొలపాలంటే ముందు ఫోన్ మేలుకొని ఉండాలి. తెర ఆరిందా, యూట్యూబ్‌లో పాట ఆగుతుంది. ఆరినా పాడాలంటే ప్రీమియం కట్టాలి. వెలుతురు ఉచితం, చీకటికి చందా! కరెంటాఫీసు వాళ్లకు కూడా తట్టని ఉపాయం.

చందా కడితే డౌన్‌లోడ్ బటన్ కూడా ఇస్తారు. అత్తగారు తాళాలగుత్తి తన కొంగునే ఉంచుకుని కోడలికి పెత్తనం అప్పగించినట్టు ఉంటుంది ఆ డౌన్‌లోడు. యాప్ గడప దాటదు, పెన్‌డ్రైవ్ ఎక్కదు, చందా ఆగిన నాడు అదీ ఆగుతుంది.

అందుకే జనం దొడ్డిదారి పట్టారు. లింకు అతికిస్తే ఎంపీ3 తీసిచ్చే సైట్లున్నాయి. పేజీ నిండా పచ్చపచ్చని డౌన్‌లోడ్ బటన్లే. అసలుది మాత్రం ఏ మూలనో బూడిదరంగులో నక్కి ఉంటుంది. పొరపాటున పచ్చది నొక్కితే 'మీ ఫోన్‌లో వైరస్' అని ఒక కేక, వెనకే రమ్మీ ఆట. యూట్యూబ్‌లో ప్రకటనల బాధ పడలేక పారిపోయినవాడికి అక్కడ దొరికేవీ ప్రకటనలే.

వీటిలో పేరుమోసిన యూట్యూబ్-ఎంపీ3ని రికార్డింగ్ కంపెనీలు కోర్టుకీడ్చి 2017లో మూయించాయి. 2020 అక్టోబరులో అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం యూట్యూబ్-డీఎల్ అనే ఉచిత ప్రోగ్రాం మీద పడింది. నోటీసు అందగానే, ప్రోగ్రాములు ఉంచే సైటు గిట్‌హబ్ దాన్ని తీసేసింది. నవంబరులో మళ్లీ పెట్టేసింది, ఇలాంటి కేసుల్లో ప్రోగ్రామర్లను ఆదుకోవడానికి 10 లక్షల డాలర్ల నిధి కూడా ప్రకటించింది. అంతవరకూ ప్రోగ్రామర్లకే తెలిసిన పేరు, సంఘం పుణ్యమా అని ఊరందరికీ తెలిసింది.

మన కాపీరైట్ చట్టమూ తక్కువది కాదు. హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో డిజిటల్ తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలు అంటుంది 2012లో చేర్చిన 65ఎ సెక్షన్. అయితే అదే చట్టంలో రికార్డింగు మీద హక్కు 60 ఏళ్లే. సుబ్బులక్ష్మిగారి సుప్రభాతం 1963 నాటిది. రికార్డు గడువు తీరింది, తాళం మాత్రం తుప్పు పట్టలేదు. ఇక మామ్మగారిది పారాయణమో నేరమో ప్లీడర్లే తేల్చాలి.

యూట్యూబ్ కంపెనీని వెనకేసుకురావడం నా పని కాదు. కానీ ఊళ్లో జానపదాలు పాడుకుంటూ సొంత ఛానల్ నడిపే పిల్లకు వచ్చే నాలుగు రాళ్లూ యూట్యూబ్ ప్రకటనల్లోంచే. ఆమె పాటను ఎంపీ3గా లాగి, మెమరీ కార్డుల్లోకి ఎక్కించి మొబైల్ షాపువాడు డబ్బు పుచ్చుకుంటే ఆమెకు దక్కేది సున్నా. అలాంటి పాట నచ్చినప్పుడైనా, దయచేసి, మధ్యలో వచ్చే సబ్బు ప్రకటన చివరిదాకా చూడండి.