‘జర జల్ది’కి సంజీవని

మూలం:
“అన్నా, సంక్రాంతి కార్డు జర జల్ది చెయ్యి. ఎడ్లబండి నడవాలె. ముగ్గు తిరగాలె. మన ఫోటో పెద్దగ వెట్టు. శుభాకాంక్షలు చిన్నగున్నా నడుస్తది.”

అవతారిక:
కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మెదక్ దగ్గరి కొల్చారం. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. మా జహీరాబాద్ కూడా 2016 దాకా మెదక్ జిల్లాలోదే కాబట్టి ఆ వారసత్వంలో నాకూ పిడికెడు వాటా ఉంది. ఒట్టులో మాత్రం లేదు. పై మూలం భోగి ముందురోజు రాత్రి పదకొండింటికి నా వాట్సాప్‌లో అవతరించింది. కర్త, వార్డు మెంబరు పదవి మీద కన్నేసిన ఒక యువకుడు.

ప్రతిపదార్థం:
అన్నా = ఓ డిజైనరూ (పాత బాకీ ఉన్నవారే వాడే సంబోధన); జర = కొంచెం అని నిఘంటువు, చాలా అని లోకవ్యవహారం; జల్ది = తెల్లారేసరికి; మన = నా ఒక్కడి; పెద్దగ = ఇంక చోటు మిగలనంతగా; నడుస్తది = ఫర్వాలేదు.

‘జల్ది’ని తప్పుపట్టనక్కర్లేదు. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే పెద్దమనిషి, పండగకు వచ్చిపడ్డ ఉత్తరాలకు జవాబులు రాసే తీరిక లేక, హార్స్‌లీ అనే చిత్రకారుడిచేత బొమ్మ వేయించి వెయ్యి క్రిస్మస్ కార్డులు అచ్చొత్తించాడు. క్రిస్మస్ కార్డు పుట్టిందే జల్దిలో.

‘ఎడ్లబండి నడవాలె’:
రెండు మాటలు, రాత్రంతా పని. ఎద్దు నడకలో మొదట వెనక ఎడమకాలు, తర్వాత ముందు ఎడమకాలు, ఆపైన వెనక కుడి, ముందు కుడి పడతాయి. ఈ వరస తప్పిందా, ఎద్దు కాస్తా ఎవరో ఈడుస్తున్న మంచంలా కదులుతుంది. సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మకు రెండేసి ఫ్రేములు, వెరసి 12 బొమ్మలు. పన్నెండోది కాగానే మళ్లీ మొదటిది రావాలి. నేను తెలివిగా మొదటి బొమ్మనే చివర ఇంకోసారి అతికించాను. ఒకే బొమ్మ వెంటవెంటనే రెండుసార్లు పడేసరికి, ఎద్దు ప్రతి సెకనుకూ డెక్కకు రాయి తగిలినట్టు ఆగింది. ఎక్కడ తప్పానో పట్టుకునేసరికి ఒంటిగంటన్నర.

ఇందులో వేదాంతం కూడా ఉంది. తెర మీద బండి ఉన్నచోటే ఉంటుంది. పొలాలూ చెట్లూ వెనక్కి జరుగుతాయి. నిలిచేది ఎద్దు, నడిచేది జగత్తు. ఈ సంగతి కర్తకు విన్నవిస్తే, “గట్లనా, అయితే గజ్జెల సప్పుడు గూడ వెట్టు” అన్నాడు.

‘ముగ్గు తిరగాలె’ సులభం. ఒక లేయరును గుండ్రంగా తిప్పడమే. జిఫ్ చేద్దామనుకున్నాను కానీ 1987 నాటి ఆ రూపంలో ఒక ఫ్రేముకు 256 రంగులే పడతాయి. కుంకుమ నుంచి పసుపులోకి జారాల్సిన రంగు చారలు చారలుగా విరిగింది. వీడియో చేసి ఇచ్చాను.

అలంకారం: ‘నడవాలె’, ‘నడుస్తది’. ధాతువొకటే, అర్థాలు రెండు. యమకమందామంటే రూపాలు వేరు; శ్లేష అందామంటే మాట రెండుసార్లు వచ్చింది. జహీరాబాదీయం అని వేరే అలంకారం ఒప్పుకోక తప్పదు.

పాఠభేదం:
కర్త నమూనాగా పంపిన కార్డులో కొబ్బరిచెట్లు, కాలువలో పడవ ఉన్నాయి. ఇది ప్రక్షిప్తం, కోనసీమ ప్రతుల నుంచి చొరబడింది. మా దగ్గర సంక్రాంతి అంటే ఎర్రమట్టి, రోడ్డు మీద చెరకు లోడ్లు, తీగల మీద చిక్కిన పతంగులు. నడిచే ఎడ్లబండి నిజంగా కావాలంటే పస్తాపూర్ వైపు చూడాలి. అక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర మొదలుపెడతాయి. జొన్న, కొర్ర, సామ విత్తనాలు అలంకరించిన బండ్లెక్కి దాదాపు నెల రోజులు ఊరూరా తిరుగుతాయి. నేను ఆ బండినే గీశాను, బుట్టబుట్టకూ వేరే రంగు చుక్కలు పెట్టి. “చెట్లేవన్నా?” అన్నాడు కర్త. ట్రాక్టర్ల కర్మాగారమున్న ఊళ్లో ఉండి ఎడ్లబండి అడిగిన మనిషి కొబ్బరిచెట్టడిగితే ఆశ్చర్యమేముంది! అయినా జొన్నబుట్ట పాఠమే సాధువు. చెట్లు పెట్టలేదు.

తాత్పర్యం:
ఊరంతా నా మొహం చూడాలి. పండగ అందుకు సాక్షిగా ఉండాలి.

ఫోటో కార్డులో ముప్పాతిక భాగం ఆక్రమించింది. పన్నెండు బొమ్మల్లో గీసిన ఎనిమిది కాళ్లూ ఆయన చొక్కా వెనక్కి పోయాయి. భుజం మీంచి రెండు జతల కొమ్ములు మాత్రం ఊగుతూ కనిపిస్తాయి.

ఫలశ్రుతి:
ఈ టీక చదివినవారు కార్డు పని పండగకు వారం ముందే చెప్పుదురు గాక. వాట్సాప్‌లో ఫోటోను మామూలుగా పంపితే మసకబారుతుంది, డాక్యుమెంటుగా పంపండి.