వంకర కుట్ల ముక్క

నేను పూర్తికాని బొంతలో ఒక ముక్కను. నన్ను జనం మొదట చూసింది 1916 ఆగస్టులో, అమెరికాలోని ప్రావిన్స్‌టౌన్‌లో, రేవు మీది పాత చేపల కొట్టాన్ని నాటకశాలగా మార్చుకున్న చోట. నాటకం పేరు ‘ట్రైఫిల్స్’. లెక్కలోకి రాని చిన్నాచితకా విషయాలని అర్థం. రాసిన సూజన్ గ్లాస్పెల్ తానే మిసెస్ హేల్ వేషం కట్టింది.

ఆమె ఒకప్పుడు అయోవాలో విలేకరి. 1900 డిసెంబరులో ఒక రైతు నిద్రలోనే గొడ్డలి దెబ్బలకు గురై చనిపోయాడు. నేరం భార్య మీద పడింది. ఆ కేసు వార్తలు రాసింది సూజనే. తీర్పు చెప్పినవాళ్లంతా మగవాళ్లు. నాటకంలోకి వచ్చేసరికి గొడ్డలి పోయి, మొగుడి మెడకు తాడు వచ్చింది.

నన్ను కుట్టింది ఆ మొగుడి భార్య మిన్నీ రైట్. నడుమ చిన్న చదరం, చుట్టూ పీలిక మీద పీలిక. దుంగల ఇంటి పోలిక కాబట్టి దాన్ని ‘లాగ్ క్యాబిన్’ అంటారు. మిన్నీ ఇంట్లో పిల్లల అలికిడి లేదు, మొగుడి నోట మంచిమాట లేదు. ఉన్నదల్లా ఒక కెనరీ పిట్ట పాట. తక్కిన ముక్కల మీద కుట్టు సన్నగా, తిన్నగా సాగింది. నా దగ్గరికి వచ్చేసరికి సూది దారి తప్పింది. నేనున్న బుట్టలోనే, అందమైన పెట్టెలో, పట్టుగుడ్డలో చుట్టి ఉంది ఆ పిట్ట. మెడ నులిమేశారు. ఎవరో నాటకం తేల్చి చెప్పదు. విరిగిన పంజరం తలుపు చాలు.

షెరీఫూ, లాయరూ హత్యకు కారణం కోసం ఇల్లంతా వెతికారు. వంటింట్లో మాత్రం వాళ్లకేమీ కనిపించలేదు. మిన్నీ పొరలన్నీ కలిపి టాకాలు వేసేదా, అక్కడక్కడ దారంతో ముడులు వేసేదా అని వాళ్ల వెంట వచ్చిన ఆడవాళ్లిద్దరూ, మిసెస్ హేల్, మరొకామె, అనుకుంటుంటే నవ్వారు. పాతచీరలతో బొంతలు కుట్టిన చేతులకు తెలుసు, అందులో నవ్వాల్సిందేమీ లేదని.

మిసెస్ హేల్ నన్ను చేతిలోకి తీసుకుని ఆ కుట్లు విప్పేసింది. సూదికి దారం ఎక్కించి, తిన్నగా మళ్లీ కుట్టసాగింది. ఆ వంకర టాకాలే నా నోరు. వాటిని చదవగలిగినవాళ్లు ఆ ఇంట్లో ఇద్దరే, చదివినవాళ్లే తుడిచేస్తున్నారు. సాక్ష్యం చెరిపారని ఎవరైనా అంటే నేను కాదనలేను. కానీ ఏడాదికి పైగా ఆ గడప తొక్కనందుకు కుమిలిపోతున్న మనిషి చెయ్యి అది. ఆ వణుకు నాకు తెలిసింది. మిన్నీ కోసం నా నోరు పోయినా ఫరవాలేదనిపించింది.

వెళ్లబోతూ లాయరు వేళాకోళంగా అడిగాడు, ఇంతకీ బొంతను ఏం చేయబోయిందని.

ముడే వేయబోయిందని చెప్పింది మిసెస్ హేల్, కోటు జేబులో దాచిన పిట్టపెట్టె మీద చెయ్యి ఆనించి.