నేను వెదురు దబ్బను

విరిగిన ఎముకను నేనే అతికిస్తానని లోకంలో పేరు. పుత్తూరు కట్టు అంటే చాలు, మన జిల్లాల వాళ్లే కాదు, తమిళనాడు నుంచి కూడా బండ్లు కట్టుకొని వచ్చేస్తారు. ఆ పేరులో నాకు దక్కాల్సిన వాటా చాలా తక్కువ.

నన్ను సన్నగా చీల్చి, అంచులు గీకి రాచపాలెం చేర్చారు. పుత్తూరు పక్కనే ఆ ఊరు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు చిత్తూరును వదిలి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అక్కడి రాజుల కుటుంబానిది ఈ వైద్యం. వాళ్ల పూర్వీకుడు కేశవరాజు వేటలో పట్టిన కుందేళ్ల కాళ్లు విరిచి, ఏవో ఆకుల్లో చుట్టి తెచ్చాడనీ, ఇంటికొచ్చి విప్పితే అవి లేచి పరుగెత్తాయనీ చెప్పుకుంటారు. ఎముక ఒక్క పూటలో అతకదు. కథ మాత్రం బాగుంటుంది.

మామిడి చెట్టెక్కి జారిపడిన ఒక పిల్లోడి ముంజేయి నా వంతుకొచ్చింది. "ఏం నాయనా, నొప్పిగా ఉండాదా?" అని మాటల్లో పెట్టి, చేయి లాగి వంకర సరిచేశారు. వాడి కేకకు బయట బెంచీ మీదున్న తమిళామె ఉలిక్కిపడింది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ. ఆ పైన నేనూ, నా తోబుట్టువులూ చుట్టూ నిలబడ్డాం.

ఇక నా పని కదలనివ్వకుండా ఉండటమే. అసలు పనంతా లోపల. విరిగిన చోట ముందు నెత్తురు గడ్డకట్టింది. రెండు మూడు వారాలకు రెండు ముక్కల మధ్య మెత్తని మృదులాస్థి పెరిగింది. దానిమీద కాల్షియం చేరి గట్టిపడింది. ఎక్స్‌రేలో ఉబ్బులా కనిపించేది అదే. దాన్ని అరగదీసి పాత రూపానికి తెచ్చుకోవడానికి ఎముకకు నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. పిల్లలకు తొందరగా అతుకుతుంది. పెద్దలకు ఆలస్యం, బీడీ తాగే పెద్దలకు మరీ ఆలస్యం.

నాకు భయమల్లా బిగువంటేనే. విరిగిన చేయి మొదటి రోజుల్లో వాస్తుంది, వెదురు సాగదు. వేరే ఊర్లో ఎవరో బిగించి కట్టిన కట్టు సంగతి మా దబ్బలన్నింటికీ తెలుసు. వేళ్లు చల్లబడ్డాయి, తిమ్మిరెక్కాయి. "రెండ్రోజులు ఓర్చుకో, సర్దుకుంటుంది" అన్నారు. నెత్తురందని కండ గంటల్లోనే చచ్చిపోతుంది. ఆ చేయి దక్కలేదు.

ఎముక చర్మం చీల్చుకొని బయటికొచ్చినా, కీలు లోపల పగిలినా, ముసలమ్మకు తుంటి విరిగినా నేను పనికిరాను. రాడ్లు, ప్లేట్లు, స్క్రూలు కావాలి. తిరుపతిలో టీటీడీ 1985లో పెట్టిన బర్డ్ ఆసుపత్రి అలాంటి వాళ్ల కోసమే ఉంది.

కట్టు విప్పినప్పుడు పిల్లోడి చేయి సన్నబడి ఉంది, మణికట్టు తిరగలేదు. వాళ్లమ్మ ఏడ్చేసింది. ఎముక అతికినా సగం పని మిగిలే ఉంటుంది తల్లీ! గుప్పిట ముడవాలి, తెరవాలి, మణికట్టు తిప్పాలి, రోజూ. కట్టులో ఉండగానే వేళ్లు ఆడిస్తే ఇంతగా బిగుసుకోవు.

మీ ఇంట్లో ఎవరికైనా కట్టుంటే వేలి గోరు నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. ఎర్రబడకున్నా, వేలు కదిపితే ప్రాణం పోయేంత నొప్పి పుట్టినా తెల్లారేదాకా ఆగొద్దు. కట్టు కోసేసి, నన్ను అవతల పారేసి, ఆసుపత్రికి పరుగెత్తండి. నేనేం నొచ్చుకోను.